రాయమల్లు తట్టి చెప్పిన బండి

గోదావరిఖనిలో మిగతా వాళ్ళ సంగతేమో గానీ, పాత క్వార్టర్ల వరసలో ఎవరైనా కారు కొనాలనుకుంటే పంతులును మంచిరోజు అడగడానికంటే ముందు రాయమల్లును అడుగుతారు. అడగడమంటే నోటితో అడిగి ఊరుకోవడం కాదు. మనిషిని ఇంటి దగ్గర ఎక్కించుకుని షోరూముకు తీసుకుపోతారు. అక్కడి సేల్స్ మనిషి మైలేజీ గురించి, పెద్ద తెర గురించి, పైన తెరుచుకునే అద్దం గురించి గుక్కతిప్పుకోకుండా చెప్తుంటాడు. రాయమల్లు ఒక్క ముక్కా వినడు. బండి చుట్టూ ఒకసారి తిరుగుతాడు. ఎడమచేతి మూడు వేళ్ళు తలుపు మీద ఆనించి, కుడిచేతి కణుపులతో ఠక్కున కొడతాడు. కళ్ళు మూసుకుంటాడు. కొంచెం జరిగి ఇంకోచోట కొడతాడు. చివరికి తలుపు తీసి, వేసి, ఆ చప్పుడు విని, "తీస్కో" అంటాడు. లేదంటే "డబ్బా" అంటాడు. ఆ ఒక్క మాటతో బేరం తేలిపోతుంది.

ఈ విద్య ఆయనకు షోరూముల్లో అబ్బింది కాదు. ముప్పై ఆరేళ్ళు భూమి లోపలి గనిలో పనిచేశాడు. అందులో ఇరవై రెండేళ్ళు సర్దార్‌. గనిలో సర్దార్ అంటే, షిఫ్టు మొదలయ్యాక అందరికంటే ముందు బొగ్గు దగ్గరికి పోయి పైకప్పు పరీక్ష చేసేవాడు. ఒక చేతి వేళ్ళు కప్పుకు ఆనించి ఇంకో చేత్తో కర్ర పెట్టి కొడతాడు. గట్టి కప్పయితే ఖంగుమంటుంది. పొర విడిచిన కప్పయితే డొల్లగా మోగుతుంది, ఆ వణుకు వేళ్ళకు తెలుస్తుంది. అంతా సరిగ్గా ఉంటే సర్దార్ తానే ముందు ఆ కప్పు కిందికి పోయి నిలబడి, "రాండ్రి" అంటాడు. ఆ మాట వినిపించేదాకా ఎంత మొనగాడైనా అడుగు ముందుకెయ్యడు. ఇరవై రెండేళ్ళలో రాయమల్లు "రాండ్రి" అన్న చోట ఎవరికీ గీత కూడా పడలేదు. ఆ సంగతి ఆయన నోటితో ఎన్నడూ చెప్పుకోడు గానీ, ఎవరైనా చెప్తుంటే మాత్రం ఆపడు.

కార్లను తట్టడం సరదాకు మొదలైంది. పక్క క్వార్టరులో ఉండే భూపాల్ గనిలో ఓవర్‌మన్, అంటే సర్దార్ల మీద అజమాయిషీ చేసేవాడు. దసరాకు కంపెనీ లాభాల వాటా పంచిన ఏడు ఆయనకు కారు మోజు పుట్టింది. తోడుకు రాయమల్లును తీసుకుపోయాడు. నవ్వులాటకు, "అన్నా, కప్పు తట్టి చెప్పరాదె" అన్నాడు. రాయమల్లు నిజంగానే తట్టాడు. రెండు బండ్లు వద్దని మూడోది తీసుకోమన్నాడు. తీసుకున్న నెలరోజులకు ఫైవింక్లయిన్ దారిలో ఒక దున్నపోతు అడ్డంగా ఉరికొచ్చి ఆ కారు పక్కకు గుద్దుకుంది. బండికి చిన్న సొట్ట కూడా పడలేదు. దున్నపోతు మాత్రం రెండు రోజులు కుంటింది.

ఇంకేం కావాలి! ఆ దున్నపోతు పుణ్యమా అని రాయమల్లు పేరు యైటింక్లయిన్ కాలనీ దాకా పాకింది. ఆయన మెచ్చిన ఆ మోడలుకు జనం దిమ్మిస బండి అని పేరు పెట్టారు. నేల గట్టిపరచడానికి దిమ్మిసతో కొడితే వచ్చే చప్పుడే దాని తలుపు వేసినప్పుడు వస్తుందట. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ వరసలో, చుట్టుపక్కల కలిపి పదకొండు దిమ్మిస బండ్లు వచ్చాయి. అందులో ఒకటి మక్సూద్‌ది. అతను దాన్ని కిరాయికి తిప్పుతాడు. రామగుండం స్టేషన్ నుంచి ప్యాసింజర్లను ఎక్కించుకున్నప్పుడల్లా, ఈ బండిని మా కాక తట్టి చూసి ఇప్పించాడని గొప్పగా చెప్పుకుంటాడు.

ఈ ఎండాకాలం రాయమల్లు ఇంట్లోనే కారు ముచ్చట వచ్చింది. బిడ్డ యమున మందమర్రిలో సర్కారు బడి టీచరు. అల్లుడు వేణుమాధవ్ రామగుండంలో కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. అందుకని కాపురం గోదావరిఖనిలోనే పెట్టారు. యమున రోజూ గోదావరి బ్రిడ్జి దాటి, ఇందారం మీదుగా మందమర్రి పోయి రావాలి. ఇన్నాళ్ళూ బస్సులో పోయేది. ఈ జూన్ నుంచి ఆరేళ్ళ కూతురు లాస్యను కూడా తాను పనిచేసే బడిలోనే చేర్పించాలనుకుంది. తల్లీబిడ్డలిద్దరికీ రోజూ అదే దారి. ఆ దారెలాంటిదో ఈ బొగ్గు బెల్టులో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ముందు ఒక బొగ్గు టిప్పర్, వెనక ఒక బూడిద లారీ, మధ్యలో మన బతుకు.

యమున శీతాకాలమంతా డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. ఆ ఇంట్లో స్టీరింగు పట్టిన మొదటి మనిషి ఆమే. రాయమల్లు సంబరం అంతా ఇంతా కాదు. బిడ్డ బండి నడుపుతుందని చాయ్ హోటల్లో చెప్పాడు, పెన్షన్ల ఆఫీసులో చెప్పాడు, కూరగాయల మార్కెట్లో అడగని వాళ్ళకు కూడా చెప్పాడు. ఏ బండి అన్నది అసలు ప్రశ్నే కాదు. మంచిర్యాల షోరూముకు పోయి, దిమ్మిస బండి కొత్త మోడలును మూడు చోట్ల తట్టి, "తీస్కో బిడ్డా" అన్నాడు. బుకింగ్ అయిపోయింది. డెలివరీ గురువారం అన్నారు.

సోమవారం మధ్యాహ్నం, బయట రోళ్ళు పగిలే ఎండ. కూలరు ముందు చాప వేసుకుని రాయమల్లు కునుకు తీయబోతున్నాడు. అప్పుడొచ్చింది యమున, చేతిలో ఫోను పట్టుకుని. మొహం అదోలా ఉంది. వచ్చి పక్కన కూర్చుని ఫోనును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చింది. తండ్రి తట్టి చెప్పిన దాన్ని కాదనడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేని పని.

"బాపు, దిమ్మిస బండి కొత్త మోడలును గుద్దించి చూసిండ్రట. రిజల్ట్ వచ్చింది," అంది చివరికి. "పెద్దోళ్ళకు రెండే స్టార్లు. పిల్లలకు ఒక్కటే."

రాయమల్లుకు ఈ స్టార్ల సంగతి బొత్తిగా తెలియదని కాదు. టీవీ ప్రకటనల్లో విన్నాడు. ఎక్కడో పెద్ద షెడ్డులో కొత్త బండిని తీసుకొచ్చి, లోపల బొమ్మ మనుషులను కూర్చోబెట్టి, అడ్డుగా పెట్టిన దిమ్మెకు గుద్దిస్తారని, తర్వాత ఐదుకు ఇన్ని స్టార్లని ఇస్తారని తెలుసు. మన దేశానికి సొంత పరీక్ష వచ్చిందని కూడా విన్నాడు. విని నవ్వుకున్నాడు. బంగారంలాంటి బండిని కావాలని గుద్దించి పాడుచేసేవాడు బండి గురించి చెప్పేదేమిటని ఆయన లెక్క. ఇప్పుడు కూడా అదే అన్నాడు. భూపాల్ బండిని గుద్దిన దున్నపోతును సాక్ష్యానికి పిలిచాడు. అద్దాల గదిలో కూర్చునే వాళ్ళకంటే తన వేళ్ళకు ఎక్కువ తెలుసన్నాడు. అంటూ అంటూ గొంతు పెంచాడు. యమున ఫోనును చాప మీద పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పోయింది.

అసలు చిక్కు స్టార్లు కాదు. బిడ్డ ముందు ఒకసారి "తీస్కో" అన్నాక మళ్ళీ కాదనడమే చిక్కు. కాదంటే ఒక్క బండితో పోతుందా? పదకొండు బండ్లు ఆయన మాట మీద రోడ్డెక్కాయి. వాటన్నిటికీ జవాబు చెప్పాలి. చూస్తూ చూస్తూ ఆ పని ఎవరు నెత్తిన వేసుకుంటారు? రాయమల్లు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆయన భార్య సమ్మవ్వ మూలన కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఇదంతా వింది. ఆమె మాటల మనిషి కాదు. చేతిలో పని ఆపకుండానే అంది:

"గనిల ఓసారి నువ్వు 'రాండ్రి' అన్నంక మల్ల పోయి తట్టలేదా? పద్దెనిమిది మందిని బయటికి తోల్కరాలేదా? గప్పుడు లేని సిగ్గు గిప్పుడెందుకు వచ్చింది?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ముప్పై ఏళ్ళ కిందటి సంగతది. రాయమల్లు సర్దార్‌గా కొత్త. ఒక ఉదయం షిఫ్టులో కప్పు తట్టి చూసి సరే అన్నాడు. పని మొదలైంది. గంట తర్వాత ఎందుకో మనసొప్పక మళ్ళీ పోయి తట్టాడు. వేళ్ళ కింద సన్నటి వణుకు. తన మాటను తానే కొట్టేసి పద్దెనిమిది మందిని బయటికి తోలాడు. ఆ రోజు కప్పు పడలేదు. మర్నాడూ పడలేదు. పై అధికారి అందరి ముందు నవ్వాడు, సర్దార్‌కు భయం పట్టుకుందన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం ఆ జాగంతా కుప్పకూలింది. కింద ఒక్క మనిషి లేడు. రాయమల్లుకు సర్దార్ అన్న పేరు నిజంగా వచ్చింది ఆ రోజే. మొదట "రాండ్రి" అన్నందుకు కాదు, తర్వాత వద్దన్నందుకు.

రాయమల్లు లేచి కూర్చున్నాడు. అద్దాలు వెతికి పెట్టుకున్నాడు. ఫోను చేతిలోకి తీసుకుని బిడ్డను పిలిచాడు. గొంతులో కోపం లేదు. "ఏదీ, మెల్లగ నడిపి చూపియ్యి," అన్నాడు.

యమున వీడియోను నిదానంగా నడిచేలా పెట్టింది. దిమ్మిస బండి పట్టాల మీద నిశ్శబ్దంగా వచ్చింది. గంటకు అరవై నాలుగు కిలోమీటర్ల వేగమట. మన బ్రిడ్జి మీద అందరూ పోయే వేగమే. వచ్చి, డ్రైవరు వైపు సగం మొహంతో దిమ్మెకు గుద్దుకుంది. రాయమల్లు మొదట తన తలుపునే చూసుకున్నాడు. తలుపు చెక్కుచెదరలేదు. "చూసినవా!" అనబోయాడు. అప్పుడు కనిపించింది. తలుపు బాగానే ఉంది, తలుపును పట్టుకుని నిలబడ్డ ముందు స్తంభం మాత్రం మోకాలు మడిచినట్టు మడుచుకుపోయింది. కప్పు అలలా లేచింది. స్టీరింగు వచ్చి బొమ్మ ఛాతీకి ఆనింది.

ఆయన వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. మళ్ళీ చూశాడు. పదోసారికి ఆ చాప మీద రాయమల్లు లేడు, గనిలో ఉన్నాడు. ఆయనకు అర్థమయ్యే భాషలోనే ఉంది మరి ఆ వీడియో! కప్పు ఎంత గట్టిగా మోగినా, దాన్ని మోసే ఆసరాలు సరిగ్గా లేకపోతే ఆ గట్టితనం దేనికి? ఇన్నేళ్ళూ తాను రేకును తట్టాడు. ఆసరాలను తట్టలేదు. అవి రేకు వెనక దాగి ఉంటాయి, వేళ్ళకు అందవు, గుద్దిస్తే తప్ప బయటపడవు.

"ఇంకోటి చూపియ్యి. ఐదు చుక్కలది చూపియ్యి," అన్నాడు. స్టార్లను అప్పటికే చుక్కలు చేసేశాడు.

ఐదు చుక్కల బండి వచ్చింది. ఇదివరకు ఆయన ఒక్కసారి తట్టి డబ్బా అని తోసేసిన మోడలే అది. గుద్దుకోగానే దాని ముందు భాగం అట్టపెట్టెలా నలిగిపోయింది. అంతగా నలిగిపోయిన దానికి ఐదు చుక్కలేమిటని రాయమల్లు ఎగిరిపడ్డాడు. యమున వీడియోను ఆపి లోపలి భాగం చూపించింది. ముందు స్తంభం నిటారుగా ఉంది. తలుపు చేత్తో తీస్తే వచ్చింది. బొమ్మ మనిషి మొహానికి పూసిన రంగు తెల్లటి గాలిసంచికి, అదే ఎయిర్‌బ్యాగుకు, అంటుకుంది, అంతే. అది చూసి రాయమల్లు తొడ చరిచాడు.

"కర్ర ఆసరా!" అన్నాడు. సమ్మవ్వ చేతిలో చింతపండు కింద పడింది.

పాత గనుల్లో ఇనుప ఆసరాలకంటే కర్ర ఆసరాలనే ముసలి కార్మికులు ఎక్కువ నమ్మేవాళ్ళు. కప్పు బరువు దిగుతున్నప్పుడు కర్ర మెల్లగా నలుగుతుంది, కిరకిరమంటుంది, బరువంతా తాను మింగి మనిషికి తప్పుకునే వ్యవధి ఇస్తుంది. ఈ బండి ముక్కు చేసిన పని అదే. అది నలగాలి. అది నలిగితేనే లోపలి గది నలగదు. ముందంతా కర్ర లెక్క, మనుషులు కూర్చునే జాగ కప్పును మోయడానికి తవ్వకుండా వదిలే బొగ్గు స్తంభం లెక్క! ఇంత చక్కటి సంగతి ఇన్నాళ్ళూ తనకెవరూ చెప్పలేదేమిటని అందరి మీదా కోపం వచ్చింది. యమున రెండేళ్ళ కిందటే ఒకసారి చెప్పబోతే తానే వినలేదని తర్వాత గుర్తొచ్చింది.

"బాపు, నువ్వు ముందట కూసున్న బొమ్మనే చూస్తున్నవు. ఎనుక చూడు," అంది యమున నెమ్మదిగా.

వెనక సీట్లో పిల్లల బొమ్మలు రెండున్నాయి, వాటి సీట్లలో కట్టేసి. ఐదు చుక్కల బండిలో అవి ముందుకు ఊగి వెనక్కి వచ్చి కూర్చున్నాయి. తర్వాత యమున మళ్ళీ దిమ్మిస బండి వీడియో పెట్టింది. అందులో చిన్న బొమ్మ తల ముందుకు పోయి ముందు సీటు వీపుకు కొట్టుకుంది. చప్పుడు వినిపించేలా లేదు వీడియో. కానీ రాయమల్లుకు వినిపించింది. పక్క గదిలో లాస్య బొమ్మలకు బడి నడుపుతోంది. ఆయన ఫోను కింద పెట్టి కాసేపు ఆ గది వైపే చూశాడు.

ఆ సాయంత్రం నుంచి రాయమల్లును పట్టుకోవడం ఎవరివల్లా కాలేదు. భూపాల్ ఇంటి అరుగు మీద పదిమందిని పోగేశాడు. అగ్గిపెట్టె ఒకటి, చాయ్ పోసిన స్టీలు గ్లాసు ఒకటి పెట్టి, గ్లాసు మనుషులుండే గది, అగ్గిపెట్టె ముక్కు అని చెప్పి పీట అంచుకు గుద్దించాడు. అగ్గిపెట్టె చితికింది, గ్లాసులోని చాయ్ మాత్రం భూపాల్ లుంగీ మీద పడింది. బెల్టు లేకపోతే ఏమవుతుందో చూపించడానికే అలా చేశానని తప్పించుకున్నాడు. జనం నవ్వారు. నవ్వినా విన్నారు. అందరికంటే ముందు వినాల్సిన మనిషి మాత్రం ఆ అరుగు మీద లేడు.

మక్సూద్ మర్నాడు పొద్దున దొరికాడు, బండి కడుక్కుంటూ. దూరం నుంచే, "సలాం కాకా," అన్నాడు. రాయమల్లు రాత్రంతా పేర్చుకున్న మాటలన్నీ అక్కడ నిలబడేసరికి చెదిరిపోయాయి. గనిలో పద్దెనిమిది మందిని బయటికి పిలవడం తేలిక. ఒక బండిని నమ్ముకుని నాలుగేళ్ళుగా ఇల్లు నడుపుతున్న మనిషితో చెప్పడం కష్టం. కొత్త మోడలు ఇట్లా తేలిందని, పాతది అంతకంటే మెరుగ్గా ఉంటుందని అనుకోవడానికి తనకు ఆధారమేమీ లేదని చెప్పాడు. చివరన, "నేను రేకు తట్టి చెప్పిన మక్సూదూ. తప్పు చెప్పిన," అన్నాడు.

మక్సూద్ చేతిలో గుడ్డ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తిడతాడనుకున్నాడు రాయమల్లు, తిడితే బాగుండుననీ అనుకున్నాడు. మక్సూద్ బండిలోకి వంగి, బెల్టు పెట్టుకోకపోయినా బీప్ బీప్ మనకుండా గుచ్చి పెట్టుకున్న ఉత్త బకిల్‌ను పీకి మోరీలో పడేశాడు.

"ఇప్పటికిప్పుడు బండి ఎట్ల మారుస్త కాకా. స్పీడు తగ్గిస్త. ఎనుక కూసునేటోళ్ళతోని గూడ బెల్టు పెట్టిస్త," అన్నాడు. "నువ్వు వచ్చి చెప్పినవు. అది నాకు చాలు."

రాయమల్లు అక్కడి నుంచి మిగతా తొమ్మిది ఇళ్ళకూ పోయాడు. భూపాల్ సంగతి అరుగు మీదే తేలిపోయింది కదా. ఎల్లన్న ఒక్కడు మాత్రం, తన బండిని అనడానికి నువ్వెవరని తగువు పెట్టుకున్నాడు. ఆ బండి తీసుకోమన్నది నువ్వే కదా అని కూడా అదే గుక్కలో అన్నాడు. రెండూ నిజమే కాబట్టి రాయమల్లు రెంటికీ తల ఊపి వచ్చాడు.

మంచిర్యాల బుకింగ్ యమున రద్దు చేయించింది. బుధవారం తండ్రీబిడ్డలు కరీంనగర్ పోయారు, ఐదు చుక్కల బండి షోరూముకు. అక్కడ వాళ్ళకు బండి చూపించిన అమ్మాయి పేరు అఫ్షీన్. పాపం ఆ పిల్ల, పెద్దమనిషి రంగు గురించి అడుగుతాడనుకుంది. రాయమల్లు కాగితం మీద రాసుకొచ్చినవన్నీ అడిగాడు. ఈ చుక్కలు ఎక్కువ ధర ఉన్న పై రకానికేనా, కింది రకానికి కూడానా? గాలిసంచులు ఎన్ని? పిల్ల సీటును బిగించే కొక్కేలు ఎక్కడున్నాయి? ఆమె ముందు అద్దం మీది స్టిక్కరును ఫోనుతో చదివించి, పరీక్ష కాగితం తెరిచి, ఒక్కొక్కటి చూపించింది. పిల్ల సీటు బండితో రాదని, వేరుగా కొనుక్కోవాలని తనంతట తానే చెప్పింది. రాయమల్లు అందులోని బొమ్మ మనిషి పటం చూశాడు. ఛాతీ, తల, కాళ్ళు ఒక్కొక్క రంగులో ఉన్నాయి. చాలావరకు ఆకుపచ్చ, ఒకటి రెండు చోట్ల పసుపు. పసుపు ఎందుకుందో కూడా అడిగి తెలుసుకున్నాడు.

చివరికి అసలు ప్రశ్న అడిగాడు. "బిడ్డా, బొగ్గు టిప్పర్ ఎదురొచ్చి గుద్దితే?"

అఫ్షీన్ అమ్ముకునే మనిషి కదా, ఏదో ఒకటి చెప్పి గట్టెక్కుతుందనుకున్నాడు రాయమల్లు. ఆమె అలా చేయలేదు.

"టిప్పర్‌కు ఏ స్టార్లూ అడ్డం రావు అంకుల్," అంది. "ఇంచుమించు ఇంతే బరువున్న బండి గుద్దితే ఎట్లుంటదో అది చెప్తరు, అంతే. బెల్టు పెట్టుకోకపోతే అదీ లేదు."

ఆ జవాబుకు రాయమల్లు ముఖం వెలిగిపోయింది. యమునకు అర్థం కాలేదు గానీ, ఆయనకు మాత్రం ఆ మాటతో నమ్మకం కుదిరింది. సర్దార్ కూడా కప్పు ఎప్పటికీ పడదని చెప్పడు. ఈ జాగ, ఈ షిఫ్టు, ఇంతవరకే నా మాట అని చెప్తాడు. తన పరీక్ష ఎక్కడ ఆగిపోతుందో చెప్పగలిగినవాళ్ళే పరీక్ష తెలిసినవాళ్ళు. ఆ బండిని ఆయన ఆ రోజు తట్టను కూడా తట్టలేదు.

వారం తిరిగేసరికి, బడులు తెరవడానికి రెండు రోజుల ముందు, బండి ఇంటికి వచ్చింది. యమునే కరీంనగర్ నుంచి నడుపుకొచ్చింది, పక్కన వేణుమాధవ్ చేతులు ముడుచుకుని బుద్ధిగా కూర్చుంటే. క్వార్టర్ల ముందు వరసంతా పోగైంది. సమ్మవ్వ పసుపు కుంకుమలు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. భూపాల్ కొబ్బరికాయ కొట్టాడు. వెనక సీట్లో లాస్య కోసం కొన్న కొత్త సీటు కొక్కేలకు బిగించి ఉంది. లాస్య దాని చుట్టూ తిరుగుతూ అది తనదేనని వచ్చినవాళ్ళందరికీ చెప్తోంది. మక్సూద్ కూడా తన బండి పక్కకు పెట్టి వచ్చాడు.

అంతా అయ్యాక అందరూ రాయమల్లు చేతుల వైపు చూశారు. నాలుగేళ్ళ అలవాటు మరి. ఎవరో ఫోను కూడా పైకెత్తారు.

రాయమల్లు బండి దగ్గరికి పోయాడు. ఎడమచేతి మూడు వేళ్ళు తలుపు మీద ఆనించాడు. కుడిచేతి కణుపులతో కొట్టాడు. వేళ్ళ కింద వణుకు స్పష్టంగా తెలిసింది. చప్పుడు పలచగా, డొల్లగా వచ్చింది. వెనక వరసలో ఉన్న ఎల్లన్నకు కూడా వినిపించేంత డొల్లగా. ముప్పై ఆరేళ్ళు అన్నం పెట్టిన వేళ్ళు, పద్దెనిమిది ప్రాణాలు కాచిన వేళ్ళు, వద్దు వద్దు అంటున్నాయి. యమున తండ్రి ముఖంలోకే చూస్తోంది.

"చప్పుడైతే డబ్బానే," అన్నాడు రాయమల్లు అందరికీ వినిపించేలా.

ఆయన చెయ్యి తీసి, వెనక తలుపు తెరిచి, తల వంచుకుని లోపలికి పోయి, పిల్ల సీటు పక్కన కూర్చున్నాడు. ఒక్కసారి పైకి, కప్పు వైపు చూశాడు. సర్దార్ అయ్యాక మొదటిసారి, వేరేవాళ్ళు పరీక్ష చేసిన కప్పు కింద కూర్చున్నాడు. బెల్టు లాగి పెట్టుకుంటే అది ఠక్కున పడింది. పక్కనున్న చిన్న సీటు మీది దుమ్మును అరచేత్తో తుడిచాడు. తర్వాత తలుపులోంచి బయటికి వంగి, భార్యనూ బిడ్డనూ మనుమరాలినీ చూసి, ఎప్పటి గొంతుతోనే అన్నాడు.

"రాండ్రి."